ధమని అంటే ఊదేది

ఆదోని
11 జూలై 1955, సోమవారం

కర్నూలు నుంచి కాగితాలు వచ్చాయి. నూట ఇరవై ఇంగ్లీషు మాటలు, వాటి ఎదురుగా ఖాళీ గడులు. తెలుగు చేసి ఆగస్టు పదిహేనులోగా పంపాలట. కొత్త రాష్ట్రానికి రాజధాని వచ్చింది, ఆఫీసులు వచ్చాయి, వాటికి గుడారాలు కూడా వచ్చాయి, మాటలే ఇంకా రాలేదు. వాటిని ఆదోని తెలుగు పండితుడు నరహరి తయారుచేసి పంపాలి. హెడ్మాస్టరు కవరు నా బల్ల మీద పడేసి "మీకు ఇలాంటివి ఇష్టం కదా" అన్నాడు. ఇష్టమే. ఆయన దగ్గర ఒప్పుకోలేదు.

సగం ఆరోగ్యశాస్త్రం మాటలు, సగం రోడ్ల మాటలు. ఒక మాట రెండు చోట్లా ఉంది. ఆర్టరీ. గుండె నుంచి నెత్తురు మోసుకెళ్ళే నాళమూ అదే, ఊళ్ళను కలిపే పెద్ద రోడ్డూ అదేనట. మొదటిదానికి ధమని అని వెంటనే రాసేశాను. రెండోదాని దగ్గర కలం ఆగిపోయింది.

సాయంత్రం పద్మకు బలం సూది వేయించాను. నెల నుంచి నీరసం అంటోంది. కాల్షియం ఎక్కిస్తే ఒళ్ళంతా వేడెక్కి అప్పటికప్పుడే బలం వస్తుందని బజారంతా చెప్పుకుంటున్నారు. తను వద్దంది. నేనే పట్టుబట్టి కాంపౌండరును ఇంటికి పిలిపించాను. కుడి మోచేతి మడతలో పొడిచాడు, నరం అందలేదు. మళ్ళీ పొడిచాడు. ఈసారి నెత్తురు సిరంజీలోకి తనంతట తనే ఎగిరి వచ్చింది, మందారం రంగులో. అతను గబుక్కున సూది లాగేసి, కాస్త దూది అదిమి, మందు ఎడమ చేతికి ఎక్కించాడు.

"నేనేమన్నా గోనెసంచినా, యాడ పడితే ఆడ పొడుస్తాండాడు?" అంది పద్మ. అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

14 జూలై

పద్మ మోచేతి దగ్గర కమిలి నల్లబడింది. తగ్గిపోతుంది. బలం మాత్రం ఏమీ వచ్చినట్టు లేదు.

హెడ్మాస్టరు మళ్ళీ అడిగాడు. ముప్పై మాటలు అయ్యాయని చెప్పాను. పదకొండు అయ్యాయి.

20 జూలై, బుధవారం

కమిలిన చోట వాపు లేచింది. నిమ్మకాయంత. సూది చీము పట్టింది, ఇంకేముంది. కాంపౌండరు కోసం కబురు చేస్తే ఊళ్ళో లేడన్నారు.

పద్మ మేనమామ భీమసేనరావుగారు వచ్చి చూశారు. మాధవరంలో ఉంటారు, మంత్రాలయం మఠంలో సేవ, వైద్యం వాళ్ళ ఇంటి విద్య. మా బంధువుల్లో ఎవరికి ఏం వచ్చినా ఆయన మాటే మాట. ఈ నాలుగు నెలలు చాతుర్మాస్యం మడి, ఎవరినీ తాకరు. గుమ్మంలో నిలబడి చెయ్యి చాపమన్నారు, వెలుతురు పడేట్టు తిప్పమన్నారు.

"గడ్డేనప్పా. ఇంకా పండలేదు. అవిసె గింజల ముద్ద వేడిగా కడతా ఉండండి. నేను ఆరాధన చూసుకొని తిరిగొస్తాను గదా, అప్పుడు బసప్పతో కోయిద్దాం."

బసప్ప మంగలి. భీమసేనరావుగారు చూసిన గడ్డలన్నీ ఇరవై ఏళ్ళుగా అతనే కోస్తున్నాడు. ఆయన చూస్తారు, తాకరు. అతను తాకుతాడు, చెప్పడు. ఈ ఏర్పాటు ఇన్నాళ్ళూ బాగానే నడిచింది.

23 జూలై, శనివారం

ధమని గురించి కూర్చున్నాను. ధ్మా ధాతువు, ఊదడమని అర్థం. కంసాలి నిప్పును ఊదుతాడు, శంఖం ఊదుతారు, ఆ ఊదడమే ఇది. ధమని అంటే ఊదేది. మంచి మాటే. కానీ నెత్తురు మోసే నాళాన్ని ఊదేది అని ఎందుకన్నారు? సిరను పారేది అన్నారు, అది అర్థమవుతుంది. ఊదడమేమిటి? అందులో గాలి ఉంటుందనుకున్నారా?

రోడ్డుకు 'ధమనీ మార్గం' అని రాసి చూశాను. వెంటనే కొట్టేశాను. ఆదోని నుంచి ఎమ్మిగనూరు రోడ్డు ఊదేది దుమ్మొక్కటే.

పద్మ ఎడమ చేత్తో పప్పు వండింది. ఉప్పు ఎక్కువైందని అంటే "కుడి చేతికి కొలత తెలుసు, దీనికి తెలీదు" అంది.

26 జూలై, మంగళవారం

పొద్దున పద్మ మడి చీరలో తులసి దగ్గర కూర్చుని ఉంది. రాత్రి కట్టిన అవిసె ముద్ద ఎండి బీటలు వారింది, తీయబోతోంది. ఎండ నేరుగా పడుతోంది. ఆ బీటలు కదులుతున్నాయి. విడుతున్నాయి, కలుస్తున్నాయి. నేను దగ్గరకు వెళ్ళాను. "ముట్టుకోకండి, మడిలో ఉన్నాను" అంది. ఆగాను.

భోజనాలయ్యాక, మడి విడిచాక, వాపు మీద వేలు పెట్టాను.

అది నా వేలిని పైకి ఎత్తింది. దించింది. ఎత్తింది.

"నొప్పి పెడతాంది, తియ్యండి. ఏముంది ఆడ?"

"ఏం లేదు" అన్నాను.

గడ్డ అన్నాక సలుపుతుంది.

27 జూలై

గడ్డ అన్నాక సలుపుతుంది. చిన్నప్పుడు నాకు మెడ మీద లేచినప్పుడు మూడు రాత్రులు సలిపింది.

28 జూలై

ఇవాళ చూడలేదు.

ఆ సిరంజీలోకి నెత్తురు ఎగరడం గుర్తొస్తోంది. కాంపౌండరు పిస్టన్ లాగలేదు. ఎవరూ లాగకుండానే వచ్చింది.

30 జూలై, శనివారం

ఎమ్మిగనూరు వెళ్ళి వచ్చాను. మాట కోసమే వెళ్ళాను. ఇది ఇక్కడ స్పష్టంగా రాసిపెడుతున్నాను. మాట కోసమే.

అక్కడ జయన్న డాక్టరు ఉన్నాడు. సి.బెళగల్ వాడు, కూలి చేసుకునే క్రైస్తవుల బిడ్డ. ఇరవై ఏళ్ళ కిందట నా క్లాసులో చివరి బెంచీ. యుద్ధం రోజుల్లో రెండేళ్ళు మిలిటరీ ఆసుపత్రిలో పనిచేశాడు, ఇప్పుడు ఎమ్మిగనూరులో నేతగాళ్ళ వీధి చివర నాలుగు మంచాలతో దవాఖానా పెట్టుకున్నాడు. చుట్టూ మగ్గాల చప్పుడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"సార్! ఇంత ఎండలో మీరొచ్చినారేమి సార్? కబురంపింటే నేనే వచ్చేవాణ్ణి గదా. కూచోండి."

నీళ్ళు తెప్పించాడు. ముట్టుకోలేదు. ఇవాళ ఏకాదశి ఉపవాసం కావడం మంచిదయింది, సాకు వెతకవలసిన పని లేకపోయింది.

కాగితాలు చూపించి, ధమనికి ఊదేది అనే అర్థం ఎందుకు వచ్చి ఉంటుందో అడిగాను. అతని ముఖం వెలిగిపోయింది.

"ఇంగ్లీషు మాటకు కూడా అదే కథ సార్. మా కాలేజీలో సెప్పినారు. వెనకటి గ్రీకులు గాలి పీల్చే గొట్టానికీ, దీనికీ ఒకటే పేరు పెట్టినారంట. ఎందుకంటే, వాళ్ళు సచ్చినోళ్ళను కోసి సూసినారు. మనిషి సచ్చినాక నెత్తురంతా సిరల్లోకి పోయి నిలుస్తాది. ధమనులు ఖాళీ. నేను కూడా కోసి సూసినా సార్, వట్టి గొట్టాలే. దాంతో ఇవి గాలి కోసం ఉండేవి అనుకున్నారు వాళ్ళు. మనోళ్ళు కూడా అట్లే అనుకున్నారో ఏమో, అది మీకు తెలియాల."

ఇన్ని రోజులుగా నేను మురిసిపోతున్నది శవాన్ని చూసి పెట్టిన మాటా?

"మరి బతికున్నవాళ్ళలో?"

"బతికున్నోళ్ళలో కొట్టుకుంటాది సార్. తెగితే నెత్తురు కారదు, ఎగురుతాది. ఎదురుగా గోడ ఉంటే గోడకు తగుల్తాది."

మామూలు గడ్డకూ, ధమని మీద వచ్చే వాపుకూ తేడా ఎలా తెలుస్తుందని అడిగాను. పాఠంలో పెడదామని, అన్నాను.

"గడ్డ సలిపేది మనిషికి తెలుస్తాది, సూసేవాళ్ళ వేలికి తెలీదు. ఇది వేలిని పైకి లేపుతాది. గడ్డ అనుకొని కత్తి పెడతారు సార్ కొందరు. మిలిటరీలో ఒకణ్ణి సూసినా. కోసిన మంచం మీద నుంచి దిగలేదు వాడు." నా ముఖం వైపు చూశాడు. "ఎవురికన్నా ఉండాదా సార్?"

"లేదు లేదు. పాఠం కోసం. అలాంటిది చేతికి తెగితే ఏం చెయ్యాలో, అదీ పాఠంలో ఉండాలి కదా."

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. చంకకూ మోచేతికీ మధ్య, లోపలి వైపు బొటనవేలు పెట్టి ఎముకకు అదిమాడు. నా ముంజేతిలో నాడి ఆగిపోయింది. వదిలితే మళ్ళీ వచ్చింది.

"ఈడ అదిమి పట్టుకోవాల సార్. డాక్టరు దగ్గరికి పోయేంతవరకూ వదలకూడదు. వేలు పడిపోయినా సరే."

పద్మను తీసుకొస్తానని ఒక్క మాట అంటే చాలు. నోటి దాకా వచ్చింది. బస్సు టైమవుతోందని లేచాను. బస్సుకు ఇంకా గంట ఉంది. స్టాండులో కూర్చున్నాను.

31 జూలై

వేలిని లేపుతుంది.

2 ఆగస్టు, మంగళవారం

ఎందుకు చెప్పడం లేదో రాసుకుందామని కూర్చున్నాను. భీమసేనరావుగారు తప్పు చూశారని అనాలి. అది నా వల్ల కాదు, పెళ్ళినాటి నుంచి ఆయన ముందు నేను కూర్చోనైనా లేదు. జయన్న చేతికి పద్మ చెయ్యి అందించాలి. అందుకు వాళ్ళవైపు నలుగురూ నాలుగు మాటలంటారు. ఇవన్నీ నిజమే. కానీ అసలు సంగతి ఇది కాదు. వద్దన్న మనిషికి సూది వేయించింది నేను.

ఇంకో సంగతి కూడా. చెబితే అది నిజమైపోతుంది.

జయన్న చెప్పినదంతా నేను సరిగ్గా విన్నానో లేదో. నేను పండితుణ్ణి, వైద్యుణ్ణి కాను. పండిన గడ్డ వేలిని లేపకూడదని ఎక్కడుంది?

5 ఆగస్టు, శుక్రవారం

ఆరాధన. ఏటా మంత్రాలయం వెళ్ళేవాళ్ళం, ఈసారి వెళ్ళలేదు. పద్మ కుడి చేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయట. వాపు మీద చర్మం పల్చబడి నిగనిగలాడుతోంది. రోజుకు రెండు పూటలా ఆ వేడి ముద్ద. నేనే అవిసెలు నూరి ఇస్తున్నాను.

పద్మ అడిగింది: "మీరేమి, నా చెయ్యి కనపడితే మొగం తిప్పుకుంటాండారు? అంత అసహ్యంగా ఉండాదా?"

"అసహ్యమేమిటి, పిచ్చిదానా. కోస్తే పోతుంది."

ఈ నోటితోనే అన్నాను. కోస్తే పోతుందని.

7 ఆగస్టు, ఆదివారం

భీమసేనరావుగారు వచ్చేశారు. రేపు సోమవారం, రాహుకాలం పోయాక. బసప్పకు కబురు వెళ్ళింది. గుమ్మంలో నుంచే చూసి "బాగా పండింది" అన్నారు, తృప్తిగా.

రేపు పొద్దున బసప్ప రాగానే చెబుతాను. కత్తి తీయకముందే చెబుతాను. మడి, మామగారు, నలుగురు, ఏమైనా కానీ. రేపు చెబుతాను.

భయం వేస్తోంది.

ఎమ్మిగనూరు
10 ఆగస్టు, బుధవారం

ఎల్లుండి రాద్దామనుకుంటే మళ్ళీ ఏదో ఒకటి మార్చి రాస్తాను. ఇప్పుడే రాయాలి. సోమవారం జరిగింది జరిగినట్టు.

స్కూలుకు వెళ్ళాను. అవును. ఇంట్లో ఉండి నోరు తెరవవలసినవాణ్ణి హాజరు పట్టీ చంకలో పెట్టుకుని స్కూలుకు వెళ్ళాను. ప్రార్థన అయింది. ఎనిమిదో తరగతిలో వ్యాకరణం మొదలుపెట్టాను. బోర్డు మీద గీత గీస్తుంటే సుద్దముక్క విరిగి ఎర్ర సిమెంటు నేల మీద పడింది. వంగి తీయబోయి ఆ ఎరుపు చూశాను. అక్కడి నుంచి పరుగెత్తాను. మూడు వీధులు, చెప్పులు లేకుండా. నా వయసు యాభై. బజారులో జనం దారి ఇచ్చారు.

వసారాలో పద్మ పీట మీద కూర్చుని ఉంది, చెయ్యి దిండు మీద పెట్టి. ఎదురుగా బసప్ప. పక్కన ఆకు మీద కత్తి. భీమసేనరావుగారు గుమ్మంలో. బసప్ప కత్తి పట్టలేదు. వాపు మీద బొటనవేలు పెట్టి తల వంచుకుని కూర్చున్నాడు.

"రాహుకాలం పోయిందిలే. కొయ్యి బసప్పా" అంటున్నారు ఆయన.

"కొయ్యను సామీ."

"ఏమి?"

"ఇది ఊదుతాంది సామీ. గడ్డ సలుపుతాది గానీ ఊదదు. కొలిమి తిత్తి మాదిరి నా వేలిని లేపుతాంది సూడు. ఇట్లాంటిదాన్ని మా నాయన చిప్పగిరిలో ఒకటి కోసినాడంట. మళ్ళా సచ్చేదాకా ఆ ఊరి మొగం సూడలేదు."

ధాతువంటే ఏమిటో తెలియనివాడు. ఒక్కసారి వేలు పెట్టాడు, చెప్పేశాడు.

"ఇరవై ఏండ్లుగా నేను చెప్పినవి కోస్తాండావు, ఈ పొద్దు నాకే నేర్పుతాండావా? నువ్వు కాకపోతే ఇంకొకణ్ణి పిలుస్తాను."

పద్మ కళ్ళు మూసుకుంది. "కొయ్యప్పా నువ్వు. ఇంక ఓర్చుకోలేను."

"కోయొద్దు" అన్నాను. "అది గడ్డ కాదు. ధమని. కోస్తే పద్మ బతకదు."

"నీకెట్లా తెలుసప్పా?"

"మామా, మీరొక్కసారి తాకి చూడండి. ఒక్కసారి."

ఆయన గుమ్మం దిగి వచ్చారు. మడి పంచె పద్మ చీరకు తగులుతుందని కూడా చూసుకోలేదు. వేలు పెట్టారు. ఆ వేలు లేచింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మేనకోడలి తల మీద చెయ్యి పెట్టి, "పోండి. యాడికి పోవాల్నో ఆడికి పోండి. బస్సు పోతాది" అన్నారు.

బసప్ప వాపు మీద గుడ్డ కట్టు వేసి, కత్తి చుట్టుకుని మాతోనే వచ్చాడు. పిలవలేదు, వచ్చాడు.

బస్సులో నేను పద్మ పక్కన, బసప్ప ఎదుటి సీటులో. వాన పడి వంక దగ్గర రోడ్డు కోసుకుపోయింది. బస్సు దిగింది, ఎక్కేటప్పుడు ఎగిరి పడింది. పద్మ చెయ్యి ముందు కమ్మీకి కొట్టుకుంది. కట్టు మీద చుక్కంత ఎరుపు కనిపించింది. నేను చూస్తూ ఉండగానే అది ఎగిరి బసప్ప చొక్కా మీద పడింది. మళ్ళీ ఎగిరింది. గుండె కొట్టిన ప్రతిసారీ ఎగిరింది.

ఎవరో ఆడమనిషి అరిచింది. నేను చంక కింద లోపలి వైపు బొటనవేలు పెట్టి ఎముకకు అదిమాను. ఆగలేదు. కొంచెం కిందికి జరిపాను. ఆగింది.

"ఆపొద్దు, పోనియ్యి!" అని బసప్ప డ్రైవరు మీద కేకలు వేశాడు. "యాడా ఆపొద్దన్నా!"

అక్కడి నుంచి ఎనిమిది మైళ్ళు. ఆ రోడ్డు మీద ఉన్న ప్రతి గుంతా నా వేలికి తెలుసు. వేలు కాస్త జారితే పద్మ పోతుంది. ఇంకేదీ నా తలలో లేదు. పద్మ ముఖం సున్నం కొట్టినట్టయింది. ఒక్కసారి మాత్రం "దాహం" అంది.

జయన్న నా వేలు తీయనివ్వలేదు. నేను అదిమి పట్టుకుని ఉండగానే కోశాడు, ధమనిని పైనా కిందా వెతికి పట్టుకుని ముడి వేశాడు. "ఇప్పుడు తీయండి సార్" అన్నాడు. తీయలేకపోయాను. వేలు కదలడం లేదు. అతనే పట్టుకుని తీశాడు. తర్వాత లోటాతో నీళ్ళిస్తే రెండు లోటాలు తాగాను.

పద్మ బతికే ఉంది. చెయ్యి సంగతి ఇంకా తెలియదు.

11 ఆగస్టు

కృష్ణాష్టమి. వీధిలో పిల్లల గోల. పద్మ వేళ్ళు మంచులా ఉన్నాయి.

13 ఆగస్టు, శనివారం

జయన్న పొద్దున కట్టు మార్చి, ఇద్దరికీ చెప్పాడు. "పెద్దదాన్ని ముడి ఏసినాను అమ్మా. పెద్ద రోడ్డు తెగితే బండ్లు ఆగిపోవు గదా, చేల గట్ల మీద దారి సేసుకొని పోతాయి. ఒంట్లో కూడా అంతే. పక్కన సన్నవి ఉంటాయి, అవి తెరుచుకోవాల. తెరుచుకుంటే చెయ్యి వెచ్చబడుతాది, కొన్ని దినాలకు ముంజేతిలో నాడి వస్తాది. వేళ్ళు నల్లబడితే మాత్రం..." పద్మ వేలి చివర ఒకసారి నొక్కి చూశాడు. "మోచేతి పైకి తీసేయాల్సి వస్తాది. దినమూ సూస్తా ఉందాం."

నాడి చూడడం నాకు నేర్పాడు. మూడు వేళ్ళతో. "బొటనవేలితో సూడొద్దు సార్. దాంట్లో మీ నాడే మీకు తగుల్తాది, ఆమెది అనుకుంటారు."

అంతటితో పోనిచ్చినా బాగుండేది. పాపం, నన్ను మెచ్చుకుందామనే అన్నాడు: "సారు ఆ పొద్దు వచ్చి అడిగినందుకు సరిపోయిందమ్మా. చేతికి తెగితే యాడ అదమాలని అడిగి మరీ నేర్చుకొని పోయినారు. లేకపోతే దారిలోనే అయిపోయేది."

పద్మ నా వైపు చూసింది.

"ఏ పొద్దు?" అంది.

"ఏకాదశి పొద్దు అమ్మా. శనివారం."

నేను కిటికీ వైపు చూశాను. మగ్గాలు ఆడుతున్నాయి.

14 ఆగస్టు

నాడి చూద్దామని చెయ్యి పట్టుకోబోతే పద్మ దుప్పట్లోకి తీసుకుంది. జయన్న చూశాడు. లేదన్నాడు.

15 ఆగస్టు, సోమవారం

జెండా వందనం పాటలు వినబడుతున్నాయి. కర్నూలుకు కాగితాలు పంపవలసిన రోజు. నూట పంతొమ్మిది గడులు నింపి బసప్ప చేత ఆదోని పంపించాను. మూడు రోజులకొకసారి వచ్చి చూసి పోతున్నాడు, బట్టలు తెస్తున్నాడు, ఈ కాగితాలూ అతనే తెచ్చాడు. ఆర్టరీ రోడ్డుకు 'పెద్దబాట' అని రాశాను. మా ఊళ్ళో అందరూ అనేది అదే. శరీరంలో దానికి రాసిన ధమని కొట్టేశాను. మళ్ళీ ఏం రాయాలో తోచక అలాగే వదిలేశాను.

పద్మ ఒక్క ప్రశ్న వేసింది. రెండు రోజుల్లో అదొక్కటే మాట.

"కోయించేదానికి కూచున్నప్పుడు కూడా తెలుసా మీకు?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"జూలై ఇరవై ఆరు."

లెక్క వేసుకుంటున్నట్టు పైకప్పు వైపు చూసింది. పదమూడు రోజులు. నేను ముందే లెక్క వేసి ఉన్నాను.

16 ఆగస్టు

చిటికెన వేలి చివర నీలంగా ఉంది. నల్లగా కాదు, నీలంగా. జయన్న పెదవి విరిచాడు. రేపటి దాకా చూద్దామన్నాడు.

ఆ వేలు నాకు వచ్చి ఉంటే. ఇలాంటివి రాయడం సులభం. కొట్టేయాలి.

17 ఆగస్టు

నీలం పెరగలేదు. తగ్గలేదు.

19 ఆగస్టు, శుక్రవారం

పొద్దున పద్మకు గంజి తాగించాను. తాగాక, అడగకుండానే కుడి చెయ్యి దుప్పట్లో నుంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. ఆరు రోజుల తర్వాత.

చెయ్యి వెచ్చగా ఉంది. చిటికెన వేలి చివర కూడా.

ముంజేయి పట్టుకున్నాను. తొందరలో బొటనవేలు పెట్టేశాను. తగిలింది. సన్నగా, తడవ తడవకూ. 'ఉంది' అనబోయాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు చూసుకున్నాను, ఏ వేలు పెట్టానో.

తీసి, మూడు వేళ్ళు పెట్టాను. చాలాసేపు. జరిపి చూశాను. ఏమీ లేదు.

"ఉండాదా?" అంది.

ఉందంటే ముఖం ఎలా మారుతుందో నాకు తెలుసు. ఆ ముఖం చూడాలని ఎంతగా అనిపించిందో ఇక్కడ కూడా రాయలేను.

"లేదు" అన్నాను. "వెచ్చగా ఉంది. నాడి మాత్రం లేదు. నాకు భయంగా ఉంది, పద్మా. ఆ రోజు నుంచీ భయంగానే ఉంది."

ఆమె నా వైపు తిరిగింది. కోపం పోయిందని చెప్పలేను, పోలేదు.

"నాకు మాత్రం లేదా? చెయ్యి నాది గదా. అప్పుడే చెప్పింటే ఇద్దరమూ భయపడేవాళ్ళం. మీరొక్కరే పెట్టుకుంటిరి అంతా."

నేను ఏడ్చాను. పక్క మంచం ముసలమ్మ ముసుగు తీసి చూసి మళ్ళీ పడుకుంది.

పద్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముంజేతిని ఇంకాస్త నా వైపు తిప్పి పెట్టింది.

"సరిగ్గా సూడండి ఇంకొకసారి" అంది.